అయిదు నుంచి అయిదున్నరకు

మైకేల్ జాక్సన్ పాడిన 'మ్యాన్ ఇన్ ద మిర్రర్' పాటలో, ఇంచుమించు మూడో నిమిషం దగ్గర ఒక చోటుంది. అంతవరకు అయిదు శ్రుతిలో సాగిన పాట అక్కడ ఒక్క రెప్పపాటు ఊపిరి బిగబడుతుంది. మరుక్షణం గాయక బృందం మొత్తం 'మార్పు' అనే మాట మీద ఒక్కసారిగా దిగుతుంది. దిగేది పాత శ్రుతిలో కాదు, అయిదున్నరలో. హార్మోనియం మీద చూస్తే అది పక్కనున్న నల్ల మెట్టు, అంతే దూరం. కానీ ఆ అరమెట్టు ఎక్కేసరికి గది కప్పు లేచిపోయినట్టు ఉంటుంది. మార్పు గురించి అంతసేపూ చెప్పిన పాట, చెప్పడం ఆపి, తానే మారింది.

చివర్లో శ్రుతి పెంచడం పాశ్చాత్య పాప్ సంగీతంలో అరిగిపోయిన ఎత్తుగడే. పాట నీరసిస్తోందనిపించినప్పుడు అరమెట్టు ఎక్కించి శ్రోతను తట్టిలేపుతారు. చాలా పాటల్లో దానికీ సాహిత్యానికీ ఏ సంబంధమూ ఉండదు. ఇక్కడ అదే ఎత్తుగడ అర్థమైపోయింది. సరిగ్గా ఆ మాట మీద, ఆ మాట కోసమే ఆధారషడ్జం కదిలింది. కచేరీ మొదలైన దగ్గర్నుంచి మంగళం దాకా ఒకే శ్రుతికి అలవాటుపడిన మన చెవికి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. స్వరం మారితే రాగం మారిందనుకుంటాం. షడ్జమే లేచి పక్కకు జరిగితే కాళ్ల కింద నేల కదిలినట్టే. మనిషి మారడమంటే అంత పని అని ఈ పాట వాదించదు, చేసి చూపిస్తుంది.

ముందు నువ్వు మారు, తరవాత లోకాన్ని మార్చు అన్న మాటలో కొత్తేముంది? ఏమీ లేదు. పరుల తప్పులు లెక్కపెట్టేవాడికి తన తప్పు కనిపించదని వేమన ఎప్పుడో చెప్పి ఊరుకున్నాడు. చెడ్డవాణ్ణి వెతకబోయి, తనను మించిన చెడ్డవాడు దొరకక తిరిగొచ్చానన్న కబీరు దోహా ఉత్తరాదిన పిల్లలకు కూడా వచ్చు. గాంధీ పేరు మీద గోడలకెక్కిన నినాదం ఆ రూపంలో ఆయన రాతల్లో కనిపించదు గానీ, 1913లో 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో దానికి దగ్గరి మాటే రాశాడు: మనం మారితే మన పట్ల లోకం తీరూ మారుతుంది, ఎదుటివాళ్లు ఏం చేస్తారా అని కాచుకుని కూర్చోనక్కర్లేదు అని. ఇంత పాత బుద్ధిమాటను పట్టుకుని పాట కట్టడం సాహసం. నీతిపద్యం అయిపోయే ప్రమాదం అడుగడుగునా ఉంటుంది. ఆ ప్రమాదం నుంచి ఈ పాట ఎలా తప్పించుకుందో చూడటమే దాని అందం చూడటం.

పుట్టుక కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. 'బ్యాడ్' ఆల్బమ్ తయారవుతున్న రోజుల్లో నిర్మాత క్విన్సీ జోన్స్ తన దగ్గరున్న రచయితలను మైకేల్ కోసం పాటలు ఇమ్మని అడిగాడు. వాళ్లలో సైడా గ్యారెట్ ఒకరు. అద్దంలోని మనిషి అన్న మాట అంతకుముందెప్పుడో ఆమె తన నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంది. ఆమెతో కలిసి పాట కట్టిన గ్లెన్ బల్లార్డ్ కీబోర్డు ముందు కూర్చుని ఏదో వాయిస్తుంటే పుటలు తిరగేస్తున్న ఆమె కన్ను ఆ మాట మీద పడింది. అక్కణ్ణుంచి పాట వచ్చింది. 1987లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో జాక్సన్ తాను రాయని పాటలు రెండే, అందులో ఇది ఒకటి. 1988 మార్చిలో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అద్దంలో కనిపించే ఆ మగవాణ్ణి ఒక స్త్రీ రాసిందన్న సంగతి చాలామంది అభిమానులకు తెలియదు. రికార్డులో వెనక వినిపించే గొంతుల్లో ఆమె గొంతూ ఉంది.

ఇక పాటలోకి వద్దాం. మొదట చిన్న గంటల్లాంటి కీబోర్డు ధ్వని, దాని పక్కన చిటికెలు. ఆర్భాటం లేదు. గొంతు కూడా పాడుతున్నట్టు కాక తనలో తాను అనుకుంటున్నట్టు వస్తుంది. బతుకులో ఒక్కసారైనా మారదామనుకుంటున్నానంటాడు. 'ఒక్కసారైనా' అనడంలో ఇన్నాళ్లూ ఎన్నడూ మారలేదన్న ఒప్పుకోలు ఉంది. తరవాతే కాలం చెబుతాడు: చలికాలం. చోటు చెబుతాడు: వీధి.

మన ఇళ్లల్లో ఏ పూజకైనా ముందు సంకల్పం చెబుతారు. ఏ ద్వీపంలో, ఏ కొండకు ఏ దిక్కున, ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఏ తిథి, ఫలానా గోత్రం వాణ్ణి, ఫలానా పేరువాణ్ణి, ఈ పని చేయబోతున్నాను అని. పూజ ఇంకా మొదలుకాలేదు, ఒక్క పువ్వూ పడలేదు. అయినా సంకల్పం లేకుండా చేసింది పూజ కాదు. ఈ పాట అచ్చంగా ఆ సంకల్పమే. దేశమూ కాలమూ కర్తా ఉన్నాయి, చేయబోయేదీ ఉంది. చేసింది మాత్రం ఏమీ లేదు. అయిదు నిమిషాల పాటలో ఆ మనిషి ఎవరికీ ముద్ద అన్నం పెట్టలేదు, ఒక్క పైసా ఇవ్వలేదు. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నాకు మాత్రం అదే పాట నిజాయితీ అనిపిస్తుంది. చేయని దాన్ని చేసినట్టు చెప్పుకోలేదు.

ఆ వీధిలో మొదట కనిపించేది కోటు. మెడపట్టీ పైకెత్తుకుంటున్నాడు, చలిగాలి కొడుతోంది కాబట్టి. అది తనకున్న ఒక్కగానొక్క కోటు కాదు, తనకు ఇష్టమైన కోటు. అంటే ఇష్టం లేనివీ ఇంట్లో ఉన్నాయన్న మాట. ఆ పట్టీ ఎత్తుకుంటుండగానే తిండి చాలని పిల్లలు వీధిలో కంటపడ్డారు. కోటుకూ ఆకలికీ మధ్య కవయిత్రి ఒక్క వ్యాఖ్య కూడా చేయలేదు. పక్కపక్కన పెట్టి వదిలేసింది. మంచి కవిత్వం చేసే పనే ఇది. నువ్వు సుఖంగా ఉన్నావు, వాళ్లు లేరు అని వేలు చూపిస్తే అది ఉపన్యాసం. మెడపట్టీ ఎత్తుకుంటున్న చెయ్యి కనబడితే చాలు, సిగ్గు తనంతట తానే వస్తుంది.

తరవాత గాలిని చూడండి. మొదట అది అతని ఒంటికి తగులుతున్న గాలి, అతని బుర్రనే తిప్పేస్తున్న గాలి. కాసేపట్లో అదే గాలిలో పగిలిన సీసా మూతలు, ఒక మనిషి ప్రాణం, పట్టించుకోని వేసవి ఒకదాని వెంట ఒకటి కొట్టుకుపోతుంటాయి, వాటికి వెళ్లే చోటు లేక. రెండో చరణంలో గాయపడిన చెట్టు, ఎవరిదో పగిలిన గుండె, వెలిసిపోయిన కల కూడా ఆ వరసలోకే చేరతాయి, గాలి ఎటు తోస్తే అటు. చెత్తనూ ఆత్మనూ ఒకే గాలి తోసుకుపోతోంది. మన మనిషి మాత్రం మెడపట్టీ అడ్డం పెట్టి నిలబడగలిగాడు. ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఇంతేనని తేల్చేసిన ఈ గాలి పాట మొత్తంలో అసలైన పాత్ర. చాలామంది అద్దాన్ని పట్టుకుని గాలిని వదిలేస్తారు. అద్దం నినాదానికి పనికొస్తుంది గానీ, పాటకు ఒళ్లూ చలీ ఇచ్చింది గాలే.

వీధిలో అద్దం ఎక్కడిది? పాట చెప్పదు. ఇంటికి వెళ్లాడా, దుకాణం కిటికీ గాజులో తన నీడ చూసుకున్నాడా, తెలియదు. వీధి నుంచి అద్దంలోకి వేసిన ఆ గంతుకు దారి మాత్రం కవయిత్రి ముందే వేసింది. పిల్లలను చూసిన వెంటనే, చూడనట్టు నటించడానికి నేనెవర్ని అని తనను తాను అడుగుతాడు. కనబడని గుడ్డితనం కాదు, చూసి కూడా కళ్లు మూసుకునే గుడ్డితనం. చూపు నేరమైంది కాబట్టి శిక్ష కూడా చూపుతోనే పడాలి. ఎదుటివాళ్లను చూడకుండా తప్పించుకున్న కళ్లు అద్దంలో తనను చూడకుండా తప్పించుకోలేవు. అందుకే అద్దం వచ్చింది.

అద్దంలో ఏం కనిపించిందో కూడా పాట చెప్పదు. ముఖం ఎలా ఉందో, కళ్లు ఎర్రబడ్డాయో లేదో, ఒక్క వర్ణన లేదు. ఏ మార్పు చేస్తాడో అంతకన్నా చెప్పదు. ఈ రెండు మౌనాలే పాటకు ప్రాణం. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటి ఖాళీలోనే పుడుతుంది. ముఖం వర్ణించి ఉంటే అది జాక్సన్ ముఖమో, పాటలోని కోటువాడి ముఖమో అయ్యేది. వర్ణించలేదు కాబట్టి వినేవాడు తన ముఖం పెట్టుకుంటాడు. మార్పు ఏదో చెప్పి ఉంటే, అది మన పని కాదులే అని పక్కకు తప్పుకునే వీలుండేది.

రసం దగ్గర ఒక చిన్న తగువు ఉంది. ఆకలి పిల్లలు, ఇల్లులేనివాళ్లు కనబడగానే కరుణం అనేయడం తేలిక. నిజానికి శోకం ఇక్కడ రెండు పాదాలకు మించి నిలవదు. స్వార్థపు ప్రేమలో ఇన్నాళ్లూ చిక్కుపడ్డానన్న చోట నిర్వేదం తొంగిచూస్తుంది. దాన్ని అలాగే పెంచితే పాట శాంతంలోకి, వైరాగ్యంలోకి పోవాలి. పోలేదు. ఆ నిర్వేదాన్ని మెట్టుగా వేసుకుని ఉత్సాహంలోకి ఎక్కింది. ఉత్సాహం స్థాయీభావం అయిన చోట ఉండేది వీరం, అందులోనూ దయావీరం. దయావీరానికి మనవాళ్లు చూపే ఉదాహరణ 'నాగానందం' నాటకంలోని జీమూతవాహనుడు. శంఖచూడుడనే నాగుడి బదులు తన ఒంటిని గరుత్మంతుడికి అప్పగించినవాడు. అతనిది చేసిన త్యాగం. ఈ కోటువాడిది చేద్దామన్న పట్టుదల. పాత్ర చిన్నదే. కానీ పాట కాలానికి, వీధిలో నడిచే మామూలు మనిషికి, ఆ కొలతే సరిపోతుంది. జీమూతవాహనుణ్ణి చూసి చేతులు జోడిస్తాం. వీణ్ణి చూస్తే చేతులు జోడించం, మన మెడపట్టీ తడుముకుంటాం.

పల్లవిలో వ్యాకరణం కూడా గమనించదగింది. నేను మొదలుపెడుతున్నానంటూనే, అద్దంలోవాణ్ణి 'అతను' అంటాడు. నీ తీరు మార్చుకోవయ్యా అని అతణ్ణి అడుగుతానంటాడు. ఆజ్ఞ కాదు, అడగటం. తనను తాను తిట్టుకోవడంలో ఒక రకం అహంకారం ఉంటుంది. అది ఇక్కడ లేదు. ఎదుటివాడితో ఎంత మర్యాదగా మాట్లాడతామో తనతోనూ అంత మర్యాదగా మాట్లాడాడు. శ్రుతి మారిన తరవాత ఆ 'అతను' కాస్తా 'నువ్వు' అయిపోతాడు. సమయం ఉండగానే సరిదిద్దుకో, మనసు మూస్తే బుద్ధీ మూసుకుపోతుంది అన్న హెచ్చరిక వస్తుంది. ఎవరికి? అద్దంలోవాడికా, మనకా? అప్పటికి ఆ తేడా చెరిగిపోయింది. నేను, అతను, నువ్వు అన్న ఈ వరసలో నడిచింది కాబట్టే ఉపదేశం మనకు ఉపదేశంగా తగలదు. తన మీద ప్రయోగించుకున్నాకే మన దగ్గరకు వచ్చింది.

ఆ 'నువ్వు' పలికేటప్పుడు అతను ఒంటరి కాదు. ఆండ్రే క్రౌచ్ బృందమూ, డెట్రాయిట్‌కు చెందిన వైనన్స్ సోదరులూ వెనక నిలబడ్డారు. వీళ్లంతా గాస్పెల్ సంగీతంలో పేరున్నవాళ్లు. నల్లజాతి చర్చీల్లో ఒకరు లేచి తన బతుకు చెప్పుకుంటారు, సభ మొత్తం ఊఁకొట్టి, చప్పట్లతో అందుకుని, ఆ మాటను తమదిగా చేసుకుంటుంది. మన తెలుగు చర్చీల్లో దీన్నే సాక్ష్యం చెప్పడం అంటారు. ఆదివారం ఆరాధనకు వెళ్లేవాళ్లకు ఈ పాట రెండో సగం కొత్తగా అనిపించదు. సాక్ష్యం చెప్పేవాడు లోపల కుమిలిపోతే చాలదు, నలుగురి ముందు నోరు తెరవాలి, నలుగురూ మోయాలి. అద్దం ముందు ఒంటరిగా మొదలైన మాటను సభ ఎత్తుకున్న చోటే శ్రుతి పెరిగింది. ఒక్క గొంతుతో ఆ అరమెట్టు ఎక్కించి ఉంటే విన్యాసం అయ్యేది. బృందం ఎక్కించింది కాబట్టి అది ఆసరా.

ఆ తరవాత జాక్సన్ మాటలు వదిలేస్తాడు. అరుపులు, ఎగశ్వాసలు, కూతలు, ముక్కలైన పిలుపులు. సాహిత్యం అయిపోయాక కూడా చెప్పవలసింది మిగిలిపోయినవాడి గొంతు అది. చివరికి వాద్యాలన్నీ తగ్గిపోయి, పాటగా కాక ఉత్త మాటగా ఆ పిలుపు ఒక్కసారి పలికి రికార్డు ఆగిపోతుంది. అంత కోలాహలం తరవాత అంత పొడిగా ముగించడం గొప్ప సంయమనం. మరో రెండు ఆవర్తాలు తిప్పి ధ్వనిని మెల్లగా తగ్గించేయడం ఆనాటి మామూలు పద్ధతి.

1988 మార్చి 2న న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో గ్రామీ వేడుకలో అతను ఈ పాట పాడుతూ మోకాళ్ల మీద పడిపోయిన దృశ్యం చూసినవాళ్లకు, చర్చి వేదిక మీదకు ఎలా వచ్చిందో అర్థమవుతుంది. ఆ రాత్రి ఉత్తమ ఆల్బమ్ బహుమతి యు2 బృందపు 'ద జాషువా ట్రీ'కి వెళ్లింది. జనం గుర్తుపెట్టుకున్నది ఈ మోకాళ్లను.

వీడియో విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. అప్పటికి ప్రపంచమంతా చూసిన నర్తకుడు తన పాట వీడియోలో దాదాపు కనిపించనే కనిపించడు, చివర గుంపులో క్షణకాలం తప్ప. అద్దం పాటలో తన ముఖం దాచుకోవాలన్న ఆలోచన చక్కనిది. ఆ ఖాళీలో పెట్టినవి మాత్రం పాటకు ఎదురు తిరిగాయి. గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్, మదర్ థెరిసా, కెనెడీ సోదరులు, డెస్మండ్ టూటూ ఒకవైపు, హిట్లర్, కూ క్లక్స్ క్లాన్ మరోవైపు, మధ్యలో కరువు పిల్లలు. కోటు వేసుకున్న మామూలు మనిషి పాటను మహాత్ముల ఆల్బమ్ చేసేశారు. గాంధీని చూడగానే మనం అద్దం నుంచి తల తిప్పుకుని పటం వైపు చూస్తాం. పటానికి దండ వేసి బయటపడటం మనకు బాగా అలవాటైన పని. ఇంకో వింత: 1992 డేంజరస్ యాత్రలో ఈ పాటతో కచేరీ ముగించి, వీపుకు రాకెట్ యంత్రం కట్టుకున్న మనిషి స్టేడియం మీదుగా ఎగిరిపోయే ఏర్పాటు చేశారు. నేల మీద నిలబడి తనను చూసుకోమన్న పాటకు ఆకాశమార్గాన నిష్క్రమణ!

పాడినవాడి ముఖం సంగతి దాటవేయలేం. అద్దం గురించి పాడినవాడి ముఖం శస్త్రచికిత్సలతో మన కళ్ల ముందే మారింది. చర్మం రంగు పోవడానికి బొల్లి కారణమని 1993లో ఓప్రా విన్‌ఫ్రే ముందు చెప్పుకున్నాడు. పిల్లలపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. 2005లో కాలిఫోర్నియా జ్యూరీ నిర్దోషి అంది. అతను పోయాక, 2019లో వచ్చిన డాక్యుమెంటరీ ఆ ప్రశ్నలను మళ్లీ లేపింది. వీధిలోని పిల్లల పాదం ఇవాళ కొందరికి ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోకూడదని చెప్పే హక్కు ఏ విమర్శకుడికీ లేదు. నేను చెప్పగలిగింది ఒక్కటే, ఆ మాటలు గ్యారెట్‌వి, ఆ బాణీలో బల్లార్డ్ పాలు ఉంది, ఆ శ్రుతి ఎక్కించిన గొంతులు డజన్ల కొద్దీ ఉన్నాయి. పాడినవాడి జీవితం పాటకు హామీ కాదు, పాట అతని జీవితానికి ధ్రువపత్రమూ కాదు.

ఇంకో అభ్యంతరం రాజకీయమైనది, బరువైనది. ఆకలికి కారణం వ్యవస్థ అయితే, అద్దంలో చూసుకుంటే ఏమొస్తుంది? ఇది బాగా బతికేవాళ్లు తమ మనసుకు చెప్పుకునే ఊరడింపు కాదా? ఇక్కడ శ్రీశ్రీ 'జయభేరి' గుర్తుకు రావాలి. 1933 నాటి ఆ గీతమూ 'నేను'తోనే మొదలవుతుంది. లోకపు మంటలో తన వంతు సమిధ వేస్తానంటుంది. ఆ నేను బయటికి, విశ్వమంత మేరకు విస్తరిస్తుంది. గ్యారెట్ రాసిన నేను లోపలికి, అద్దమంత మేరకు కుంచించుకుంటుంది. దిక్కులు వేరు, మొదటి అడుగు ఒకటే: ఎవరో వస్తారని కాచుకోకపోవడం. జయభేరికి ఉన్న విస్తృతి ఈ పాటకు లేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఈ పాటకున్న సిగ్గు జయభేరిలో లేదు, అదీ ఒప్పుకోవాలి. పైగా ఈ పాట అడిగింది మొదలుపెట్టమని. అక్కడితో ఆగమని ఎక్కడా అనలేదు. అలా ఆగిపోయేవాళ్లు పల్లవి ఒక్కటే విన్నవాళ్లు.

2009 జూన్ 25న జాక్సన్ పోయిన తరవాత బ్రిటన్ పట్టికలో ఈ పాట రెండో స్థానానికి ఎక్కింది. 1988లో కొత్తగా వచ్చినప్పుడు అక్కడ ఇరవై దరిదాపుల్లో ఆగిపోయిన పాట అది. 'థ్రిల్లర్', 'బిల్లీ జీన్' లాంటివి ఉండగా జనం దుఃఖంలో ఎంచుకున్నది నాట్యానికి పనికిరాని ఈ పాటను.

తెలుగునాట జాక్సన్ అంటే కాళ్లే. మూన్‌వాక్‌ను సినిమాల్లో చూశాం, కాలేజీ వార్షికోత్సవాల్లో చూశాం, నల్ల టోపీ పెట్టుకున్న కుర్రాళ్లను పెళ్లి ఊరేగింపుల్లోనూ చూశాం. ఇంగ్లీషు మాటలు అందక, అందినా ఆ తాళం హోరులో వాటి మీద ధ్యాస పోక, అతని గొంతును పెద్దగా వినలేదు. ఈ పాటలో నాట్యానికి చోటు లేదు, కాబట్టి అతణ్ణి వినడానికి ఇదే సరైన పాట. వీడియో పెట్టుకోకండి. రికార్డు నిడివి 5 నిమిషాల 19 సెకన్లు, చెవుల్లో పెట్టుకుని కళ్లు మూసుకుని వినండి. మొదటిసారి గాలిని పట్టుకోండి, రెండోసారి వెనక గొంతులను. ఇంట్లో హార్మోనియమో కీబోర్డో ఉంటే అయిదు శ్రుతి పట్టి ఉంచండి. మూడో నిమిషం దగ్గర మీ వేలు తప్పు మెట్టు మీద ఉంటుంది.